హోటలు కాఫీలో మన పాలు

సంఘం పనిమీద అనంతపురం వెళ్ళినప్పుడు నలుగురం కలిసి హోటలుకు పోవడం మనకు అలవాటే. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కాఫీ చెప్తాం. బిల్లు ఎవరు ఇవ్వాలన్న తగవు సరే సరి! కాఫీ పలుచగా ఉంటే మాత్రం హోటలువాణ్ణే తిడతాం. తప్పు ఒక్కొక్కప్పుడు మన బిందెలోనే ఉంటుంది.

ఆవు పాలలో వెన్న కాని ఘనపదార్థాలు 8.5 శాతం ఉన్నాయనుకోండి. 10 లీటర్లకు ఒక లీటరు నీళ్ళు చేరితే అవి 7.7కు దిగుతాయి. లాక్టోమీటరూ ఇంకా లోతుకు మునుగుతుంది. కాఫీకి చిక్కదనం వెన్నతోపాటు వీటివల్లనే వస్తుంది. భోజనంలో పెరుగు గట్టిగా తోడుకునేదీ అందువల్లనే.

వేసవిలో మరో చిక్కు. పిదికిన పాలు చల్లబడకుండా నిలవుంటే సూక్ష్మజీవులు పెరిగి, పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పులుపు నాలుకకు తెలియకముందే, కాచేటప్పుడు పాలు విరుగుతాయి. హోటలువాడు ఆ పాలు పారబోయవలసిందే. ఒక్కరి పులిసిన పాలు చాలు, క్యాను మొత్తం పోతుంది. వేరుశనగ కట్టె కొని పశువును నిలుపుకొన్న పక్కింటివాడి పాలూ అందులోనే ఉంటాయి.

రాత్రి పాలను ఉదయం పాలలో కలపకండి. పాత్రను వేడినీళ్ళతో కడిగి ఎండలో బోర్లించండి. పిదికిన వెంటనే కేంద్రానికి తెండి.