దగ్గు మందు కొనే ముందు



శాంతిపురం, కుప్పం పల్లెల్లో వైద్యసహాయం కోరి వచ్చేవారిలో దగ్గు, ఆయాసంతో బాధపడేవారు తక్కువేమీ కాదు. మన సొమ్ము వారికి మేలు చేయాలంటే ఊపిరితిత్తుల సంగతి కొంత తెలుసుకోవాలి.

ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లో క్రిములే ఉండవని వైద్యులు చాలాకాలం నమ్మారు. 2010లో లండన్ పరిశోధకులు జన్యుపరీక్షలు చేసి, ఆరోగ్యవంతుల గాలిగొట్టాల్లోనూ బ్యాక్టీరియా ఉంటుందని చూపారు. నిద్రలో లాలాజలం కొద్దికొద్దిగా లోపలికి జారుతుంది. దానితో ప్రివోటెల్లా, వీలొనెల్లా వంటి బ్యాక్టీరియా కూడా చేరుతుంది. దగ్గు, గొట్టాల లోపలి సన్నని నూగు, రోగనిరోధక కణాలు వాటిని ఎప్పటికప్పుడు తొలగిస్తాయి. రాకపోకలు సమంగా ఉన్నంతకాలం హాని లేదు.

బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ, గ్రానైట్ క్వారీల దుమ్ము ఈ కాపలాను దెబ్బతీస్తాయి. అప్పుడు కొన్ని రకాల క్రిములదే పైచేయి అవుతుంది. ఆస్తమా రోగుల్లో హీమోఫిలస్ వంటివి ఎక్కువగా కనిపించాయి. అవసరం లేని యాంటీబయాటిక్ హాని చేయని క్రిములను చంపి, మందుకు లొంగని వాటిని మిగులుస్తుంది.

క్షయ క్రిమి సంగతి వేరు. అది రోగి దగ్గినప్పుడు గాలి ద్వారా ఇతరులకు సోకుతుంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరిచిన నాటికి దానికి మందే లేదు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి, ఇవే వైద్యం. 1948లో మన దేశంలో బీసీజీ టీకా తొలుత మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఇప్పుడు సాధారణ క్షయ ఆరు నెలల మాత్రలతో నయమవుతుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఆ మాత్రలు ఉచితం. ఒంట్లో కాస్త తేలిక కాగానే మధ్యలో మానేస్తేనే ముప్పు.

కాబట్టి దాతలకు మా మనవి ఇది. మందుల షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ బిల్లుకు సొమ్ము ఇవ్వడం కన్నా, రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించేందుకు బస్సు చార్జీ ఇవ్వడం మేలు. క్షయ రోగి కూలికి వెళ్లలేని ఆరు నెలలూ ఆ ఇంటికి బియ్యం, పప్పు, గుడ్లు అందిస్తే మాత్రలు మధ్యలో ఆగవు. పేద ఇంటికి గ్యాస్ పొయ్యి ఇప్పించడమూ వైద్యసహాయమే. వుజూలో నోరు పుక్కిలించడం, మిస్వాక్ వాడటం మనకు అలవాటే. నోటి శుభ్రత ఊపిరితిత్తులకూ మంచిదని పిల్లలకు చెబుదాం.