ఒక్కో భాగానికీ ఒక్కో ఆయుష్షు

1975 జనవరి. అమెరికాలో వెలువడే పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక అట్ట మీద ఆల్టెయిర్ 8800 అనే పెట్టె బొమ్మ వేశారు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ముందువైపు వరసగా మీటలు, చిన్నచిన్న ఎర్ర దీపాలు. మెమరీ 256 బైట్లు. ఈ పేరా కూడా అందులో పట్టదు. అయినా జనం ఎగబడి కొన్నారు. విడిభాగాలన్నీ కలిపి 397 డాలర్లకే పంపుతామన్నారు మరి. బిగించుకునే పని కొన్నవాళ్లదే. అందులోని ఇంటెల్ 8080 ప్రాసెసర్ చిల్లర ధరే అప్పట్లో 360 డాలర్లు. ఆల్టెయిర్ సృష్టికర్త ఎడ్ రాబర్ట్స్ పెద్దమొత్తంలో కొంటానని బేరమాడి, ఒక్కోటి 75 డాలర్లకు తెచ్చుకున్నాడు. ఇంట్లో కంప్యూటర్ బిగించుకోవచ్చన్న ఆశ అంతమందిలో పుట్టింది ఆ బేరం కుదరడం వల్లే.

నా దృష్టిలో ఆల్టెయిర్ గొప్పతనం ప్రాసెసర్‌లో కాదు, లోపల కార్డులు గుచ్చుకునే స్లాట్లలో ఉంది. వంద పిన్నుల ఆ స్లాటుకు సరిపోయే కార్డులను ఇతరులూ తయారుచేసి అమ్మసాగారు. 1981 ఆగస్టు 12న విడుదలైన ఐబీఎం పీసీదీ అదే దారి. ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో డాన్ ఎస్‌ట్రిడ్జ్ బృందానికి ఉన్న గడువు ఏడాదే. అందుకే సొంత చిప్పుల జోలికి పోకుండా బజారులో దొరికే భాగాలతోనే యంత్రాన్ని కట్టింది. సర్క్యూట్ పటాలనూ, కంప్యూటర్‌ను నిద్రలేపే బయాస్ ప్రోగ్రామునూ మాన్యువల్‌లో అచ్చువేసింది. బయాస్‌ను కాపీ కొట్టడం నేరం కాబట్టి, కాంపాక్ సంస్థ అదే పని చేసే ప్రోగ్రామును మొదటి నుంచి కొత్తగా రాయించుకుంది. 1984లో ఫీనిక్స్ సంస్థ అలాంటి బయాస్‌ను అడిగినవాళ్లందరికీ అమ్మడం మొదలుపెట్టాక, పీసీ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకుండా పోయింది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ప్రకటించింది. మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు, స్క్రూ రంధ్రాలు ఫలానా చోట్ల. ఆ రంధ్రాల చోటు నేటికీ మారలేదు.

అసెంబుల్డ్ కంప్యూటర్ మన ఊళ్లకు చేరింది ఈ దారినే. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల కొటేషన్ రాయించుకుని, ఒక్కో భాగం ఏరుకుని, డబ్బాతో ఇంటికెళ్లినవాళ్లు ఎందరో. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు కంపోజ్ చేసిన డీటీపీ సెంటర్లకూ ఈ అసెంబుల్డ్ కంప్యూటర్లే దిక్కయ్యాయి. పని పెరిగితే ర్యామ్ కలిపేవాళ్లు, చోటు చాలకపోతే మరో హార్డ్ డిస్క్ తగిలించేవాళ్లు.

డెస్క్‌టాప్ అన్నివైపులా ఒకేసారి ముసలిదైపోదు. మంచి క్యాబినెట్, మానిటర్ పదేళ్లు నిలుస్తాయి. భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లలో పేరున్నవాటికి ఏడు నుంచి పదేళ్ల వారంటీ ఇచ్చే కంపెనీలున్నాయి. ఆటలాడేవాళ్లకు గ్రాఫిక్స్ కార్డు అన్నిటికంటే ముందు పాతబడుతుంది. కాబట్టి బడ్జెట్ వేసేటప్పుడు ధరతో పాటు ఆ భాగం ఎన్నేళ్లు ఉంటుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. జనం చేసేది దీనికి తలకిందులు. ప్రాసెసర్‌కీ, అద్దాల క్యాబినెట్ లోపల వెలిగే రంగు దీపాలకీ డబ్బంతా పోసి, మిగిలిన చిల్లరతో ఎస్ఎంపీఎస్ కొంటారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. కరెంటు కోత, లో వోల్టేజీ మామూలైన ఊళ్లలో ఆ నాసిరకం ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోగలదు.

ఎస్ఎంపీఎస్‌ను చేతిలోకి తీసుకుని పక్కనున్న స్టిక్కర్ చదవండి. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉండొచ్చు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా కరెంటు లాగేది 12 వోల్టుల లైను నుంచి. స్టిక్కర్ మీద ఆ లైను గడిలో 18 ఆంపియర్లు అని ఉంటే, పన్నెండు పద్దెనిమిదుల 216 వాట్లు మాత్రమే. 65 వాట్ల తరగతి ప్రాసెసర్ ఒత్తిడిలో వందకు పైగా లాగగలదు. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లది. ఈ రెండింటికే ఆ లైను చాలదు. ఇలాంటి జోడీకి 12 వోల్టుల లైనులో 40 ఆంపియర్లకు పైగా ఇచ్చే 550 వాట్ల మంచి రకం తీసుకుంటే నిశ్చింత.

యాభై వేలు చేతిలో ఉంటే నేనైతే జాబితాను నలభై అయిదు వేల దగ్గరే ఆపుతాను. కొటేషన్‌లో రాసిన ధరలకు 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో ముందే అడగాలి. వైఫై అడాప్టర్, స్పైక్ బోర్డు, యూపీఎస్ గుర్తొచ్చేది చివర్లోనే. ఆ యాభై వేలలో గ్రాఫిక్స్ కార్డును ఇరికించడానికి తంటాలు పడొద్దు. 2021లో క్రిప్టో మైనింగ్ గిరాకీకి, చిప్పుల కొరత తోడై కార్డుల ధరలు ఆకాశాన్నంటాయి. అప్పుడు ఆగగలిగింది లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ కొనుక్కున్నవాళ్లే. ఇక్కడ ఒక్క అక్షరం చూసుకోవాలి. ఇంటెల్ ఐ5-12400 లో గ్రాఫిక్స్ ఉంది. చివర ఎఫ్ తగిలించుకున్న 12400ఎఫ్ లో లేదు. కాస్త చవకని ఎఫ్ రకం తెచ్చుకుని, కార్డు లేకుండా బిగిస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద మాత్రం బొమ్మ రాదు.

మదర్‌బోర్డు సాకెట్‌కు ఎంత భవిష్యత్తు ఉందో కూడా కనుక్కోవాలి. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ ఇందుకు మంచి ఉదాహరణ. 2017 నాటి బోర్డులు చాలావాటిలో బయాస్ అప్‌డేట్ చేసి, 2020లో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్లను బిగించుకోగలిగారు. బోర్డు, ర్యామ్, క్యాబినెట్ ఖర్చంతా మిగిలింది. తర్వాతి ఏఎం5లో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. డీడీఆర్4 కడ్డీకి గాడి వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కినా దిగదు.

ర్యామ్ విషయంలో ఒకే 16 జీబీ కడ్డీ కంటే రెండు 8 జీబీ కడ్డీలు మేలు. డీడీఆర్4-3200 ఒక్కో చానల్‌లో సెకనుకు 25.6 గిగాబైట్లు పారుతాయి. రెండు చానళ్లు కలిస్తే దారి రెట్టింపు. ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా ఆటల్లో కళ్లకు కనిపిస్తుంది. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి.

2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు మండిపోయాయి. అలాంటి రోజుల్లో 8 జీబీ కడ్డీ ఒక్కటే కొని రెండో స్లాటు ఖాళీగా ఉంచినా ఫరవాలేదు. కాకపోతే కొట్టువాడు బిల్లు మీద ఉత్త ‘8 జీబీ ర్యామ్’ అని రాసిస్తే ఒప్పుకోవద్దు. కంపెనీ పేరు, పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకోవాలి. ధర దిగాక అదే రకం కడ్డీని అడిగి తెచ్చుకోవాలన్నా, ఈలోగా మొదటిది పాడైతే వారంటీలో మార్పించుకోవాలన్నా ఆ కాగితమే కావాలి.