పగటి ఎండ, రాత్రి దీపం

నా చిన్నతనంలో మా పొలానికి కరెంటు రాత్రిపూట వంతు వచ్చేది. నాయన టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి పోతే, తిరిగి వచ్చేదాకా అమ్మ వాకిట్లోనే కూర్చునేది. పురుగూ పుట్రా భయం. అందుకని సౌరవిద్యుత్తు మాట వింటే నాకు ముందు ఆ టార్చిలైటే గుర్తొస్తుంది. ఎండ కాసేది పగలే కాబట్టి, సేద్యానికి పగటి కరెంటు ఇవ్వడం దానితో సులువవుతుంది. చిక్కంతా పొద్దుగూకాక మొదలవుతుంది.

మా కర్నూలు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వెలసింది. మిట్టమధ్యాహ్నం దండిగా కరెంటు. ఇంటింటా దీపాలు వెలిగే రాత్రి ఏడింటికి సున్న! విద్యుత్తును ధాన్యంలాగా గాదెలో పోసి ఉంచలేము. బ్యాటరీలున్నాయి, చవకవుతున్నాయి కూడా. కాని నాకు నచ్చింది అంతకన్న మోటు ఉపాయం. నీళ్ళను కొండమీదికి ఎక్కించడం!

పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. మధ్యాహ్నం మిగులు కరెంటుతో కింది నీటిని పైకి తోడతారు. రాత్రి ఆ నీటినే వదిలి కరెంటు తీస్తారు. విచిత్రమేమంటే యంత్రం ఒక్కటే. ఒకవైపు తిరిగితే పంపు, ఎదురు తిరిగితే టర్బైను. నాగార్జునసాగర్‌లో 7 యూనిట్లు, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భకేంద్రంలో 150 మెగావాట్లవి 6 యూనిట్లు ఈ రకమే. అయితే అవి నదిని నమ్ముకున్నవి. దిగువన కూడా నీరు నిలిస్తేనే తోడడం కుదురుతుంది. పాణ్యం దగ్గరి పిన్నాపురంలో 1680 మెగావాట్లకు తలపెట్టిన పథకం నదికి ఎడంగా, ఒకసారి నింపుకున్న నీటినే పైకీ కిందికీ తిప్పేది. ఆవిరైపోయినంత మేరకు మళ్ళీ పోసుకుంటే చాలు.

ఇక లెక్క. టన్ను నీటిని 100 మీటర్లు ఎత్తితే అందులో నిలవుండే శక్తి 9,80,000 జౌళ్ళు. ఒక యూనిట్టు కరెంటంటే 36 లక్షల జౌళ్ళు. అంటే నాలుగు టన్నుల నీళ్ళు దొర్లితే ఒక్క యూనిట్టు! ఇంతేనా అనిపిస్తుంది. అందుకే చెరువు పెద్దదీ, కొండ ఎత్తైనదీ కావాలి. చెరువంటే భూమి. గొర్రెలు మేసే బీడు కూడా భూమే, దాన్ని ఊరికే వచ్చిందని రాసుకోకూడదు.

తోడడానికి నూరు యూనిట్లు పెడితే తిరిగి వచ్చేది 75, మహా అయితే 80. సెలవుల్లో ఈ మాట చెబితే, “నూరు పెట్టి ఎనభై తీసుకుంటే నష్టమే కదరా?” అన్నాడు నాయన.

“మరి శనగలు నూర్పిడి కాగానే ఎందుకమ్మవు నాయనా?” అన్నాను. బాడుగ కట్టి, తరుగు పోయినా సరే, ధర కోసం గోదాములో పెడతాం. మధ్యాహ్నం సోలార్ పలకలన్నీ ఒక్కసారే కరెంటిస్తే కొనేవాడు తక్కువ. రాత్రి అదే కరెంటు కోసం బొగ్గు కాల్చాలి.

నాయన కాసేపు ఆలోచించి, “సరే, ఆ గోదాము బాడుగెంతో ముందు చెప్పు” అన్నాడు.