గ్రామాభివృద్ధి సంఘాలు: సమర్థతకు మూలాలు, అధికారానికి హద్దులు

1. పరిచయం

ఈ భాగం చదివిన తరువాత గ్రామాభివృద్ధి సంఘం సమర్థంగా పనిచేయడానికి కావలసిన అంశాలను మీరు వివరించగలుగుతారు. దాని అధికారానికి హద్దు ఎక్కడో కూడా గుర్తించగలుగుతారు.

2. నిజామాబాద్ జిల్లా అనుభవం

మోర్తాడ్, ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల్లోని పసుపు పండించే ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీ అంటే తెలియనివారు అరుదు. జనం దీన్ని 'వీడీసీ' అంటారు. ఇది చట్టం ఏర్పాటు చేసిన సంస్థ కాదు. సాధారణంగా ఊళ్లోని ఒక్కొక్క కులం నుంచి ప్రతినిధులను తీసుకొని గ్రామస్థులే దీన్ని ఏర్పరచుకుంటారు. చందాలు, వేలంపాటల ద్వారా నిధులు సమకూర్చుకొని గుడి, కమ్యూనిటీ హాలు, పండుగల నిర్వహణ వంటి ఉమ్మడి పనులు చేస్తారు. డబ్బు ఊరిదే, ఫలితమూ ఊరికే కనుక పనులు త్వరగా సాగుతాయి.

3. సమర్థతకు మూలాలు

ఉమ్మడి వనరులను ప్రజలు ఎలా నిర్వహించుకుంటారో పరిశోధించిన ఎలినార్ ఆస్ట్రోమ్ 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. స్విట్జర్లాండ్ పచ్చికబయళ్లు, స్పెయిన్ సాగునీటి వ్యవస్థలు మొదలైనవాటిని పరిశీలించి, ఎక్కువకాలం నిలిచిన సంస్థల లక్షణాలను ఆమె వివరించారు. వాటిలో కొన్నింటిని మన ఊళ్లకు అన్వయించి చూడండి.

అ) నియమాలకు లోబడేవారికి వాటిని మార్చడంలో పాత్ర ఉండాలి. కులానికొక ప్రతినిధి ఉన్నా, స్త్రీలకూ భూమిలేనివారికీ మాట లేకపోతే ప్రాతినిధ్యం పేరుకే మిగులుతుంది.
ఆ) పర్యవేక్షణ ఉండాలి. వేలంలో ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్న లెక్క అందరి ముందూ చదవాలి.
ఇ) తప్పు స్థాయిని బట్టి శిక్ష క్రమంగా పెరగాలి.
ఈ) తగాదా తక్కువ ఖర్చుతో, దగ్గరలోనే తీరాలి.

4. అధికారానికి హద్దులు

మూడవ లక్షణం దగ్గరే అసలు చిక్కు వస్తుంది. కమిటీ మాట వినని కుటుంబాలకు జరిమానా వేయడం, వారితో ఎవరూ మాట్లాడకూడదని, వారికి సరుకులు అమ్మకూడదని కట్టడి చేయడం వంటి ఫిర్యాదులు ఈ జిల్లాలో వచ్చాయి. పోలీసు కేసులూ నమోదయ్యాయి. ఊరంతటినీ ఒక్కతాటిపై నడిపే బలమే ఒక ఇంటిని వెలివేయడానికీ పనికివస్తుందని దీనివల్ల తెలుస్తుంది. 2015 సవరణ తరువాత ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం, 1989 ప్రకారం వారిపై ఇతరులు సామాజిక, ఆర్థిక బహిష్కరణ విధించడం నేరం. మహారాష్ట్ర 2016లో అన్ని వర్గాలకూ వర్తించేలా సామాజిక బహిష్కరణను నిషేధిస్తూ ప్రత్యేక చట్టం చేసింది.

5. సారాంశం

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. అది గ్రామసభకు, ఎన్నికైన పంచాయతీకి రాజ్యాంగ స్థానం కల్పించింది. పంచాయతీకి తోడుగా నిలిచి, గ్రామసభ ముందు లెక్క చెప్పే కమిటీ ఊరికి బలం. పంచాయతీ స్థానంలో తానే కూర్చొని తీర్పులిచ్చే కమిటీ ఎన్ని భవనాలు కట్టినా సమర్థమైనది అనిపించుకోదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరి కమిటీ తీసుకున్న ఒక నిర్ణయాన్ని ఎంచుకోండి. దాని వల్ల నష్టపోయినవారికి తమ మాట చెప్పుకొనే అవకాశం దొరికిందా? పై నాలుగు లక్షణాల ఆధారంగా పది వాక్యాల్లో రాయండి.