స్కైడైవింగ్ హార్నెస్‌లకు నాసిరకం మరమ్మతులు: పైకి కనిపించని ముప్పు

(ప్రత్యేక వ్యాసం)

విమానం నుండి దూకే స్కైడైవర్‌కు పారాచూట్ ప్రాణరక్షణ సాధనమన్న సంగతి అందరికీ విదితమే. ఆ పారాచూట్‌ను మనిషి శరీరానికి కట్టి ఉంచే హార్నెస్ గూర్చి తెలిసినవారు మాత్రం తక్కువ. భుజాలు, ఛాతీ, తొడల చుట్టూ బిగించే నైలాన్ పట్టీలు, వాటిని కలిపే లోహపు బకిళ్ళు, వలయాలు, వీటన్నింటినీ పట్టి ఉంచే కుట్లు కలిసి హార్నెస్ అవుతుంది. అర్హత లేనివారు చేసే మరమ్మతులు, మార్పుల వల్ల ఈ పట్టీలు, కుట్లు బలహీనపడే ప్రమాదం ఉంది. అట్టి లోపం సాధారణంగా కంటికి కనిపించదు. కావున సాహస క్రీడలకు అనుమతులు మంజూరు చేసే అధికారులు, వాటి గూర్చి వార్తలు రాసే పాత్రికేయులు ఈ విషయంలో ప్రాథమిక అవగాహన కలిగి ఉండటం ఆవశ్యకం.

హార్నెస్‌పై పడే భారం

స్కైడైవర్లు సాధారణంగా 10 వేల నుండి 13 వేల అడుగుల ఎత్తున విమానం నుండి దూకుతారు. బోర్లా పడుతున్న మనిషి వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లకు చేరుతుంది. పారాచూట్ తెరుచుకున్న కొద్ది సెకన్లలోనే ఈ వేగం అధికభాగం తగ్గిపోతుంది. ఆ క్షణాలలో శరీర బరువుకు కొన్ని రెట్ల భారం హార్నెస్‌పై పడుతుంది. పారాచూట్ ఒక్కసారిగా, తీవ్రంగా తెరుచుకున్న సందర్భాలలో ఈ భారం మరింత పెరుగుతుంది. శిక్షకునితో కలిసి దూకే టాండమ్ పద్ధతిలో ఇద్దరి బరువునూ ఒకే పారాచూట్ వ్యవస్థ మోయవలసి ఉంటుంది.

ప్రధాన పారాచూట్ విఫలమైతే దానిని వదిలించుకుని రిజర్వ్ పారాచూట్‌ను తెరిచే ఏర్పాటు ప్రతి స్కైడైవర్ వద్ద ఉంటుంది. ఈ రెండు పారాచూట్‌లూ వేలాడేది ఒకే హార్నెస్‌కు. పారాచూట్‌కు రిజర్వ్ ఉంది కానీ హార్నెస్‌కు రిజర్వ్ లేదు. నాసిరకం మరమ్మతు విషయంలో అధికారులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన అంశం ఇదే.

లోపం ఎక్కడ ఏర్పడుతుంది?

మొదటిది దారం. పారాచూట్ గుడ్డకు, సంచికి సాధారణంగా వాడే 'ఇ' రకం నైలాన్ దారం 8.5 పౌండ్ల, అనగా 4 కిలోలకు లోపు బరువుకే తెగిపోతుంది. పట్టీలు కలిసే ముఖ్యమైన చోట్ల వాడే '5-కార్డ్' దారం 40 పౌండ్లు, అనగా సుమారు 18 కిలోలు తట్టుకుంటుంది. రంగు కలిసిందన్న కారణంతో పలుచని దారంతో కుట్టిన అతుకు చూపునకు నీటుగానే ఉంటుంది. దాని బలం మాత్రం అవసరమైన దానిలో నాలుగో వంతుకు కూడా చేరదు.

రెండవది పట్టీ. హార్నెస్‌లలో వాడే టైప్-8, టైప్-7, టైప్-13 నైలాన్ పట్టీల వెడల్పు ఒక్కటే, సుమారు 44 మిల్లీమీటర్లు. వాటి బలం వరుసగా దాదాపు 4 వేలు, 6 వేలు, 7 వేల పౌండ్లు. ఒకదాని స్థానంలో మరొకటి కుట్టినా దూరం నుండి తేడా తెలియదు. పైపెచ్చు తొడ పట్టీని బిగించే బకిల్ నిర్దిష్టమైన మందం గల పట్టీకి అనుగుణంగా తయారై ఉంటుంది. పట్టీ పలుచనైతే భారం పడినప్పుడు బకిల్ నుండి జారవచ్చు. ఇలా జారకుండా ఉండేందుకే పట్టీ చివరను మడిచి కుడతారు. మరమ్మతు తరువాత ఈ మడతను తిరిగి కుట్టకపోవటం చిన్న పొరపాటుగా కనిపించినా, పట్టీ పూర్తిగా ఊడివచ్చే ప్రమాదానికి దారితీస్తుంది.

మూడవది కుట్టు విధానం. అంగుళానికి ఎన్ని కుట్లు పడాలి, ఎన్ని వరుసలు ఉండాలి, ఏ ఆకృతిలో ఉండాలి అనేది తయారీదారు నిర్ణయిస్తారు. కుట్లు తక్కువైతే అతుకు ఊడుతుంది. మరీ దగ్గరగా పడితే సూది రంధ్రాల వల్ల పట్టీ తపాలా బిళ్ళల కాగితం వలె ఆ గీత వెంబడే చిరిగే స్థితికి వస్తుంది. పాత కుట్టును విప్పేటప్పుడు బ్లేడు తగిలి పట్టీలోని పోగులు తెగటం, వేడి కత్తితో కోసిన అంచు గట్టిపడి పక్క పట్టీని ఒరుసుకోవటం కూడా తరచు కనిపించే లోపాలే.

నాలుగవది కొలతల మార్పు. భుజం నుండి తుంటి వరకు సాగే ప్రధాన పట్టీని పొట్టిగా చేయటం కేవలం దర్జీ పని కాదు. రిజర్వ్ పారాచూట్‌ను తెరిచే పిడి ఆ పట్టీపైనే ఉంటుంది. ఆ పిడి నుండి వీపుపై గల సంచి వరకు ఉక్కు తీగ ఒక గొట్టం గుండా వెళుతుంది. పట్టీ పొడవు మారితే తీగ, గొట్టం పొడవులను కూడా తదనుగుణంగా సరిచూడాలి. తీగలో తగినంత వదులు లేకపోతే శరీరం కదలికకే పిన్ను ఊడి, రిజర్వ్ పారాచూట్ అకాలంలో తెరుచుకునే అవకాశం ఉంది. విమానం తలుపు వద్ద ఇలా జరిగితే దూకే వ్యక్తికే కాక, విమానానికి, అందులోని వారందరికీ ముప్పు.

ఐదవది లోహ భాగాలు. పారాచూట్‌ను వదిలించుకునేందుకు వాడే మూడు వలయాల ఏర్పాటును బిల్ బూత్ 1970వ దశకంలో రూపొందించారు. ఒక వలయం మరొక వలయంలో ఇమిడి, భారాన్ని అంచెలంచెలుగా తగ్గించి, చివరకు చిన్న దారపు ఉచ్చుపై స్వల్ప భారమే పడేటట్లు చేయటం దీని ప్రత్యేకత. వలయాల పరిమాణం, ఉచ్చు పొడవు, వాటిని కుట్టిన స్థానం మారితే ఈ నిష్పత్తి దెబ్బతింటుంది. అప్పుడు విఫలమైన పారాచూట్‌ను వదిలించుకోవటానికి ఎక్కువ బలం వాడవలసి వస్తుంది. అలాగే తుప్పు పట్టిన ఉక్కు బకిళ్ళకు సాధారణ పూత దుకాణంలో మెరుగు పెట్టించటం కూడా క్షేమకరం కాదు. పూత ప్రక్రియలో వెలువడే హైడ్రోజన్ చేరి అధిక బలం గల ఉక్కు పెళుసుబారవచ్చు.

ఇలాంటి పనులు ఎందుకు జరుగుతున్నాయి?

హార్నెస్‌ను వ్యక్తి కొలతలకు తగినట్లు తయారుచేస్తారు. ఒకరు వాడినది మరొకరు కొన్నప్పుడు కొలత కుదరదు. తయారీదారుకు తిప్పి పంపితే వ్యయం, జాప్యం తప్పవు. ఈ పరిస్థితిలో తోలు వస్తువులు లేక వాహనాల సీట్లు కుట్టే దుకాణాన్ని ఆశ్రయించాలన్న ఆలోచన కలుగుతుంది. అట్టి చోట బరువైన కుట్టు యంత్రం, పనితనం ఉండవచ్చు. ఏ పట్టీ ఎంత భారం మోస్తుందో తెలిపే తయారీదారు సూచనలు, నిర్దేశిత సామగ్రి మాత్రం ఉండవు. నేలపై గట్టిగా లాగి చూసినంత మాత్రాన అతుకు బలం నిర్ధారణ కాదు. మనిషి చేతులతో లాగే బలానికీ, పారాచూట్ తెరుచుకున్నప్పుడు పడే భారానికీ పోలికే లేదు.

అమెరికాలో అమలులో ఉన్న నిబంధనలు

స్కైడైవింగ్ విస్తృతంగా ప్రచారంలో ఉన్న అమెరికాలో ఈ విషయమై స్పష్టమైన నిబంధనలు ఉన్నాయి. అక్కడ హార్నెస్, దాని సంచి, రిజర్వ్ పారాచూట్ ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ వారి టెక్నికల్ స్టాండర్డ్ ఆర్డర్ సి-23 ప్రమాణాల ప్రకారం ఆమోదం పొందుతాయి. అనుమతించిన పరిమితిని మించిన బరువు, వేగాలతో పరీక్షించిన తరువాతే ఈ ఆమోదం లభిస్తుంది. ఆమోదం లేని మార్పు చేసిన హార్నెస్ పరీక్షలో నెగ్గిన నమూనాకు భిన్నమైనదిగా మారుతుంది. దానిపై అతికించిన ముద్ర యథాతథంగా ఉన్నా, అది ఇచ్చే భరోసా మిగలదు.

పారాచూట్‌లను మడిచి, తనిఖీ చేసి, బాగుచేసే నిపుణులను రిగ్గర్లు అంటారు. వీరికి 18 ఏళ్ళు నిండి ఉండాలి, పరీక్షలలో ఉత్తీర్ణులై ధ్రువపత్రం పొంది ఉండాలి. సీనియర్ రిగ్గర్ చిన్న మరమ్మతులు మాత్రమే చేయవచ్చు. పెద్ద మరమ్మతులు, మార్పులు చేసే అధికారం మాస్టర్ రిగ్గర్‌కే ఉంది. మాస్టర్ ధ్రువపత్రానికి కనీసం మూడేళ్ళ అనుభవం, రెండు రకాల పారాచూట్‌లలో ఒక్కొక్కటి కనీసం 100 మడిచి ఉండటం అవసరం. మాస్టర్ రిగ్గర్ అయినా తయారీదారు లేక అడ్మినిస్ట్రేషన్ ప్రత్యేకంగా అనుమతించని మార్పు చేయరాదు.

సింథటిక్ వస్త్రంతో తయారైన రిజర్వ్ పారాచూట్‌ను ప్రతి 180 రోజులకు ఒకసారి రిగ్గర్ విప్పి తిరిగి మడవాలి. ఈ గడువు 2008 వరకు 120 రోజులుగా ఉండేది. మడిచిన తేదీ, స్థలం, తనిఖీలో కనిపించిన లోపాలు, తన ధ్రువపత్రం సంఖ్య రిగ్గర్ కార్డుపై రాసి సంతకం చేయాలి. తాను చేసిన పనుల రికార్డును కనీసం రెండేళ్ళు భద్రపరచాలి. ఒక హార్నెస్‌ను ఎవరు ముట్టుకున్నారో, ఏం చేశారో తెలుసుకునేందుకు ఈ రికార్డే ఆధారం.

భారతదేశంలో పరిస్థితి

మన దేశంలో పారాచూట్ పరిజ్ఞానం కొత్తది కాదు. కాన్పూర్‌లోని ఆర్డ్‌నెన్స్ పారాచూట్ ఫ్యాక్టరీ 1941లో ఏర్పాటైంది. ఇది 2021 నుండి గ్లైడర్స్ ఇండియా లిమిటెడ్ ఆధ్వర్యంలో పనిచేస్తున్నది. ఆగ్రాలోని డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల ఏ.డి.ఆర్.డి.ఇ. పారాచూట్ వ్యవస్థల రూపకల్పన, అభివృద్ధి చేపడుతున్నది.

పౌర క్రీడారంగానికి సంబంధించి కేంద్ర పౌర విమానయాన మంత్రిత్వ శాఖ 2022 జూన్‌లో జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ విధానాన్ని ప్రకటించింది. స్కైడైవింగ్ సహా పారాచూటింగ్, పారాగ్లైడింగ్ తదితర క్రీడలు దీని పరిధిలోకి వస్తాయి. సేవలందించే వ్యక్తులు, సంస్థలు, వారి కీలక పరికరాలు సంబంధిత క్రీడా సంఘాల వద్ద నమోదు కావాలని ఈ విధానం నిర్దేశించింది. పరికరం నమోదైన నాటి నుండి దానికి జరిగిన ప్రతి మరమ్మతు కూడా రికార్డుకు ఎక్కినప్పుడే నమోదు ప్రయోజనం నెరవేరుతుంది.

అధికారులు పరిశీలించవలసిన అంశాలు

స్కైడైవింగ్ ప్రదర్శనకు లేక శిబిరానికి అనుమతి కోరినప్పుడు ఈ క్రింది వివరాలు అడగటం మేలు.

1. ప్రతి హార్నెస్ తయారీదారు, నమూనా, వరుస సంఖ్య, తయారీ తేదీ.

2. రిజర్వ్ పారాచూట్‌ను చివరిసారి మడిచిన తేదీ, చేసిన వ్యక్తి ధ్రువపత్రం వివరాలు.

3. హార్నెస్‌కు మరమ్మతు లేక మార్పు జరిగితే దాని స్వభావం, చేసినవారి అర్హత, తయారీదారు అనుమతి పత్రం.

4. తయారీదారు జారీచేసిన భద్రతా ప్రకటనలను పాటించినట్లు ఆధారం.

5. ఎండ, తేమ, ఆమ్లాలు సోకని చోట పరికరాలను భద్రపరిచే ఏర్పాటు. సూర్యరశ్మి, ఆమ్లాలు నైలాన్‌ను క్షీణింపజేస్తాయి. సముద్రతీరంలో వాడినప్పుడు ఇసుక రేణువులు పట్టీలను ఒరుస్తాయి, ఉప్పుగాలికి ఉక్కు తుప్పు పడుతుంది.

హార్నెస్‌ను చేతితో తడిమి చూసి బాగున్నదని తేల్చటం అధికారుల పని కాదు. అది రిగ్గర్ పని. రిగ్గర్ సంతకం ఉన్నదా, ఆ సంతకానికి అర్హత ఉన్నదా అని చూడటమే అధికారుల బాధ్యత. ఒక వైపున ఉన్న కుట్టు రెండో వైపున లేకపోవటం, మిగిలిన వాటికంటే కొత్తగా కనిపించే దారం, పక్కనే ఖాళీ సూది రంధ్రాలు వంటివి కనిపిస్తే మాత్రం రికార్డు చూపమని తప్పక అడగాలి.

ప్రమాదం జరిగినప్పుడు

ప్రమాదం సంభవించిన వెంటనే 'పారాచూట్ తెరుచుకోలేదు' అని వార్తలు వెలువడటం పరిపాటి. పారాచూట్ తెరుచుకుని కూడా పట్టీ జారటం, అతుకు ఊడటం, వదిలించుకునే ఏర్పాటు పనిచేయకపోవటం వంటి కారణాలు ఉండవచ్చు. నిపుణుల పరిశీలన పూర్తయ్యే వరకు కారణాన్ని నిర్ధారించి రాయకపోవటం సముచితం. పరికరాన్ని ఉన్నది ఉన్నట్లుగా ఛాయాచిత్రాలు తీసి, పొడిగా, నీడలో భద్రపరచాలి. ముడులు విప్పటం, కడగటం చేయరాదు. వైద్యసహాయం నిమిత్తం పట్టీలు కోయవలసి వస్తే కుట్లు, బకిళ్ళకు దూరంగా కోసి, కోసిన చోటును గుర్తించి ఉంచాలి. తెగిన దారపు కొన, జారిన పట్టీపై మిగిలిన ఒరిపిడి గుర్తు దర్యాప్తులో కీలక సాక్ష్యాలు కాగలవు.

టాండమ్ పద్ధతిలో తొలిసారి దూకే వ్యక్తి రుసుము చెల్లించి, తనకు కట్టిన హార్నెస్‌ను నమ్మి విమానం ఎక్కుతారు. ఆ కుట్టు ఎవరు వేశారో తెలుసుకునే అవకాశం ఆ వ్యక్తికి ఉండదు. ఆ ప్రశ్న ముందుగా అడగగలిగినది అనుమతిచ్చే అధికారి మాత్రమే. దానికి రాతపూర్వకమైన సమాధానం లభించని పక్షంలో ఆ హార్నెస్‌ను వినియోగించకుండా నిలిపివేయటమే శ్రేయస్కరం.