మహమ్మారి వేళ యువతకు ఏమని చెప్పాలి?

చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో అగ్నివేశుడు గురువైన ఆత్రేయుని ఒక ప్రశ్న అడుగుతాడు. మనుషుల ప్రకృతి, ఆహారం, బలం, వయస్సు వేర్వేరు కదా. ఒకే వ్యాధి ఒకే కాలంలో జనపదాన్నంతటినీ ఎట్లా నశింపజేస్తుంది? గాలి, నీరు, నేల, కాలం అందరికీ ఉమ్మడి కనుక అని గురువు సమాధానం.

కరోనా కాలంలో యువకులకు చెప్పవలసింది ఈ ‘ఉమ్మడి’ మాటనే. నేను విన్న మందలింపులలో మాత్రం ప్రాణభయమే ఎక్కువ. 2020 మార్చి 2న తెలంగాణలో బయటపడిన తొలి రోగి 24 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి; కోలుకొని ఇల్లు చేరాడు. పిల్లలు ఇది గమనించరా? బెదిరింపు కళ్లెదుట అబద్ధమైతే, తరువాత చెప్పిన నిజం కూడా చెవికెక్కదు.

ఆ నెలాఖరున లాక్‌డౌన్ రాగా, హైదరాబాదులో చదువుకునేవారు, కొలువులు చేసేవారు ఎందరో మన దేవరకొండ చుట్టుపట్ల పల్లెలకు, తండాలకు తిరిగివచ్చారు. వారిలో ఒకడు, “పంతులుగారూ, నాకు వచ్చినా నాలుగు రోజులల్ల తగ్గుతది గదా” అన్నాడు. నిజమే నాయనా, నీ వయసుకు అపాయం తక్కువే అన్నాను. అయితే రోగం సోకిన తరువాత లక్షణాలు పొడసూపడానికి సాధారణంగా ఐదారు రోజులు, ఒక్కోసారి 14 రోజులు పడుతుంది. అవి కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుకోగలదు. నాకేమీ లేదని నీవు అవ్వ పక్కన కూర్చుండే రోజులే అవి అని చెప్పాను.

అతడు కాసేపు ఊరకుండి, “ఇంట్ల ఒక్కటే అర్ర. యాడ పండుకోవాలె?” అన్నాడు. అసలు సంభాషణ అప్పుడు మొదలయింది. పడక అరుగు మీదికి మార్చడం, కంచం, చెంబు వేరుగా పెట్టుకోవడం, అవ్వతో మాట్లాడేటప్పుడు మూతికి గుడ్డ, పగలంతా తలుపులు బార్లా. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

తెలిసి కూడా తప్పుదారి పట్టడాన్ని చరకుడు ప్రజ్ఞాపరాధమన్నాడు. ధీ, ధృతి, స్మృతి చెడినపుడు అది పుడుతుంది. మన పిల్లలకు ధీ లోపం లేదు, సెల్‌ఫోనులోనే అన్నీ చదివారు. మిత్రుని పెళ్లి బరాత్‌కు పిలుపు వస్తే నిలవలేనిది ధృతి. దానిని ముసలివాని ఉపన్యాసం నిలబెట్టదు. తోటివాడు “నేనూ పోతలేను” అంటే నిలుస్తుంది. అందుకే ఆ యువకుణ్ణే తన ఈడువారితో మాట్లాడమన్నాను. ఏమని చెప్పాలని అడిగితే, ఏప్రిల్ 2న భద్రాద్రి రామయ్య కల్యాణమే భక్తులు లేకుండా జరిగిందని గుర్తుచేయమన్నాను. రాముని పెళ్లికే పోనివాళ్లం, బరాత్‌కు ఎట్లా పోతాం?