మృత్తికా నమూనాల భౌగోళిక సమాచార నిల్వకు డేటాబేస్ సర్వర్ అమరిక

దేశంలో నేల ఆరోగ్య పత్రాల పథకం 2015 ఫిబ్రవరి 19న ప్రారంభమైనది. సాగునీటి వసతి గల భూములలో 2.5 హెక్టార్లకు ఒకటి, వర్షాధార భూములలో 10 హెక్టార్లకు ఒకటి చొప్పున మట్టి నమూనాను సేకరించి, 12 అంశాలకు పరీక్షించి, ఫలితాలను రైతుకు అందజేయడం ఈ పథకపు విధానం. నమూనా తీసిన స్థలాన్ని జీపీఎస్ ద్వారా గుర్తిస్తారు. 2.5 హెక్టార్ల గడి ఒక్కొక్క వైపు సుమారు 158 మీటర్లు మాత్రమే ఉంటుంది. కావున నమూనా స్థానం ఆ మేరకు పక్కకు జరిగినచో ఒక పొలంలోని జింకు లోపం పొరుగు పొలం పేర నమోదై, అవసరం లేని రైతుకు జింకు సల్ఫేట్ సిఫారసు చేరుతుంది. ప్రయోగశాలలో విశ్లేషణ ఎంత నిర్దుష్టంగా జరిగినా ఈ దోషం తొలగదు.

ఇటువంటి సమాచారాన్ని ఎక్సెల్ పట్టికలలో దాచుట వలన అక్షాంశ రేఖాంశాలు కేవలం రెండు సంఖ్యలుగా మిగిలిపోతాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌కు పోస్ట్‌జీఐఎస్ అనే అనుబంధాన్ని చేర్చినప్పుడు అవే సంఖ్యలు భూమిపై స్థానం గల బిందువులుగా, గ్రామ సరిహద్దులు బహుభుజులుగా నిల్వ అవుతాయి. 2001లో తొలిసారి వెలువడిన పోస్ట్‌జీఐఎస్ ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్. సర్వర్‌లో దీనిని స్థాపించినంత మాత్రాన సరిపోదు. ప్రతి డేటాబేస్‌లోనూ 'క్రియేట్ ఎక్స్‌టెన్షన్' ఆదేశంతో విడిగా ప్రవేశపెట్టవలసి ఉంటుంది. గ్రామాల పేర్లు తెలుగులో నిలవాలంటే డేటాబేస్‌ను సృష్టించే సమయంలోనే యూటీఎఫ్-8 సంకేత విధానాన్ని ఎంచుకోవాలి.

నిరూపక వ్యవస్థ ఎంపిక

సర్వర్ అమరికలో అత్యధిక శ్రద్ధ అవసరమైన అంశం ఇదే. జీపీఎస్ పరికరాలు డబ్ల్యూజీఎస్-84 ప్రమాణంలో డిగ్రీలను ఇస్తాయి. దీని సంకేత సంఖ్య 4326. డిగ్రీలలో విస్తీర్ణం లెక్కించుట అర్థరహితం. 16 డిగ్రీల అక్షాంశం వద్ద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107 కిలోమీటర్లకు, ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.7 కిలోమీటర్లకు సమానం. మీటర్లలో కొలిచే యూటీఎం విధానంలో భూమిని ఆరేసి డిగ్రీల మండలాలుగా విభజించారు. 78 నుండి 84 డిగ్రీల వరకు 44వ మండలం కాగా, ఆంధ్రప్రదేశ్ మూడు మండలాలలో విస్తరించి ఉన్నది. ఆదోని, అనంతపురం 43లోనూ, ఇచ్ఛాపురం 45లోనూ చేరతాయి. కర్నూలు నగరం సరిగ్గా 78 డిగ్రీల రేఖకు అంచున, 44వ మండలంలో ఉన్నది. అనగా ఆదోని, కర్నూలు నమూనాలను ఒకే పటంపై చూపదలచిన పరిశోధకునికి ఒకే యూటీఎం మండలం సహజంగా సరిపోదు. ఒక జిల్లాకు పరిమితమైన అధ్యయనానికి యూటీఎం అనుకూలమే. రాష్ట్రవ్యాప్త సమాచారాన్ని మాత్రం 4326లో నిల్వ చేసి, దూరాలను, విస్తీర్ణాలను 'జియోగ్రఫీ' రకంగా మార్చి మీటర్లలో లెక్కించుట మేలు. ఈ లెక్కింపు కొంత నెమ్మదిగా సాగుతుంది.

పాత స్థలాకృతి పటాల నుండి సరిహద్దులను సంఖ్యీకరించేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. అవి ఎవరెస్ట్ దీర్ఘవృత్తజం ఆధారంగా గీసినవి. వాటిని మార్పు చేయకుండా 4326గా ప్రకటించినచో మన ప్రాంతంలో స్థానం వంద మీటర్లకు మించి జరుగుతుంది. ఇది దాదాపు ఒక గడి వెడల్పుకు చేరువ. సంకేత సంఖ్యను ప్రకటించుట, నిరూపకాలను మార్చుట వేర్వేరు పనులని విద్యార్థులు తరచుగా విస్మరిస్తున్నారు.

పోస్ట్‌జీఐఎస్‌లో బిందువును రాసే వరుస ముందు రేఖాంశం, తరువాత అక్షాంశం. ఇది తారుమారైనచో గుంటూరులోని పొలం స్వాల్‌బార్డ్ దీవుల ప్రాంతపు ఆర్కిటిక్ సముద్రంలోకి చేరుతుంది! రేఖాంశం 76–85, అక్షాంశం 12–20 మధ్యనే ఉండాలని పట్టికపై నిబంధన విధిస్తే తెలుగు రాష్ట్రాల సమాచారంలో ఈ పొరపాటును సర్వర్ స్వయంగా తిరస్కరిస్తుంది. 16 డిగ్రీల 30 నిమిషాలను 16.5కు బదులు 16.30గా నమోదు చేసిన దోషాన్ని మాత్రం ఈ నిబంధన పట్టుకోలేదు, అయినప్పటికీ స్థానం 22 కిలోమీటర్లు తప్పుతుంది. నమూనా బిందువు అది చెప్పుకొన్న గ్రామ సరిహద్దులోనే ఉన్నదా అని సరిచూచుటయే దీనికి తగిన పరీక్ష. దశాంశ స్థానాలు కనీసం ఐదు ఉండాలి.

జ్ఞాపకశక్తి, సూచికలు

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తొలి అమరికలు చిన్న యంత్రాలను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించినవి. 'షేర్డ్ బఫర్స్' 128 ఎంబీగా ఉంటుంది. దీనిని మొత్తం ర్యామ్‌లో నాలుగో వంతుకు, అనగా 8 జీబీ యంత్రంలో 2 జీబీకి పెంచి సర్వర్‌ను పునఃప్రారంభించాలి. 'వర్క్ మెమ్' 4 ఎంబీ. బహుభుజుల పోలికలకు ఇది చాలదు. అయితే ఈ పరిమితి ఒక్కొక్క క్రమీకరణ చర్యకు విడివిడిగా వర్తిస్తుంది గనుక, ఒక తరగతిలోని విద్యార్థులందరూ ఒకేసారి ప్రశ్నలు పంపే సర్వర్‌లో దీనిని అమితంగా పెంచుట ప్రమాదకరం. సూచికల నిర్మాణ సమయంలో 'మెయింటెనెన్స్ వర్క్ మెమ్'ను 64 ఎంబీ నుండి తాత్కాలికంగా పెంచవచ్చు.

భౌగోళిక నిలువు వరుసపై జిస్ట్ సూచికను తప్పక నిర్మించాలి. ఇది ప్రతి ఆకారం చుట్టూ ఉన్న దీర్ఘచతురస్రాన్ని గుర్తుంచుకొని, సంబంధం లేని వాటిని ముందుగానే తొలగిస్తుంది. ఒక బావికి 500 మీటర్ల లోపు నమూనాలను వెదకునపుడు దూరాన్ని లెక్కించి పోల్చే ప్రశ్నలో ఈ సూచిక ఉపయోగపడదు. 'ఎస్‌టీ డీవితిన్' ప్రమేయంలో ఉపయోగపడుతుంది. 'జియోగ్రఫీ'గా మార్చి వెదకే సందర్భంలో ఆ మార్పిడిపైననే మరొక సూచిక కావాలి.

సర్వర్ తొలుత స్వంత యంత్రం నుండి వచ్చే అనుసంధానాలనే స్వీకరిస్తుంది. ఇతర కేంద్రాలకు 5432 ద్వారాన్ని తెరచునపుడు అనుమతి పొందిన చిరునామాలను మాత్రమే చేర్చి, సంకేతపదాన్ని తప్పనిసరి చేయాలి. పట్టికలలో రైతుల పేర్లు, సర్వే నంబర్లు ఉంటాయి గనుక విద్యార్థులకు ఆ వివరాలు లేని దృశ్యపట్టికను, చదివే అనుమతితో మాత్రమే ఇవ్వాలి. 'పీజీ డంప్'తో తీసిన ప్రతిని మరొక యంత్రంలో పునరుద్ధరించునపుడు అక్కడ పోస్ట్‌జీఐఎస్ ముందుగానే స్థాపితమై ఉండాలి.